మాలగాలో ఓబులమ్మ విన్న మాట

రామనారాయణ మాట ఓబులమ్మకు తప్ప ఇంట్లో ఇంకెవరికీ అర్థమయ్యేది కాదు. పక్షవాతం వచ్చి ఆరేళ్ళయింది. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, నాలుక మొద్దుబారింది. కొడుకు రమేష్‌బాబు రెండుసార్లు "ఏంది నాయనా?" అని అడిగి, మూడోసారి విసుక్కుని, "ఓబులమ్మా, ఏమంటుండాడో చూడు" అని వంటింట్లోకి కేకేసేవాడు. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆయన పెదాల వైపు చూసేది. "మజ్జిగ అడుగుతుండాడు" అనో, "ఫ్యాను తగ్గించమంటుండాడు" అనో చెప్పేది. ఈ ఆరేళ్ళలో ఒక్కసారి కూడా పొరపాటు పడలేదని కోడలు విజయకుమారి చుట్టాల దగ్గర మెచ్చుకునేది.

ఓబులమ్మది ఉదయగిరి కొండ కింద పల్లె, గొర్రెలు మేపుకునే కుటుంబం. రామనారాయణదీ ఆ పల్లే. చాలాకాలం ఆ ఊరి ప్రెసిడెంటుగా చేశాడు. కొడుకు కాంట్రాక్టులు పట్టి ఆత్మకూరులో మేడ కట్టాక అక్కడికి మారారు. ఓబులమ్మ భర్త కొండయ్య పోయిన మరుసటి ఏడే పెద్దాయన మంచాన పడ్డాడు. తెలిసిన మనిషి, సొంత ఊరి మనిషి అని ఆమెను పిలిపించి పనిలో పెట్టుకున్నారు.

తండ్రికి ఎనభై నిండాయని రమేష్‌బాబు ఓడ ప్రయాణం పెట్టాడు. స్పెయిన్ దేశంలో ఓడ ఎక్కి, వారం రోజులు సముద్రం మీద తిరుగుతూ రోజుకొక ఊరు చూడటం. పెద్దాయన్ను లేపడానికీ కడగడానికీ మనిషి కావాలి గనక ఓబులమ్మకూ పాస్‌పోర్టు చేయించారు. "మా ఇంట్లో ఉండబట్టి ఫారిన్ చూస్తుండావు, నీది అదృష్టం" అని విజయకుమారి విమానం ఎక్కేలోపు ఎన్నిసార్లు అన్నదో!

మూడోనాటి పొద్దున ఓడ మాలగా అనే రేవులో ఆగింది. సాయంత్రం దాకా ఊరు చూడొచ్చన్నారు. ఓబులమ్మ చక్రాల కుర్చీ తోసుకుంటూ అందరి వెనక నడిచింది. వీధి పొడుగునా నారింజ చెట్లు. పండ్లు రాలి కిందపడి ఉన్నాయి, ఏరుకునే దిక్కులేదు. పెద్ద చర్చి ఒకటి కనిపించింది. దానికి ఒక గోపురమే పూర్తయింది, రెండోది సగంలో ఆగిపోయి ఉంది. మనవరాలు అశ్విత ఫోన్‌లో చూసి, "రెండొందల ఏళ్ళు దాటిందంట అవ్వా, ఇంకా కట్టలేదు" అని చెప్పింది. అక్కడినుంచి ఒక కొట్టు ముందు కూర్చుని, జంతికల్లాగా నూనెలో వత్తిన పిండిని వేడివేడి చాక్లెట్‌లో ముంచుకుని తిన్నారు. అశ్విత రెండు ముక్కలు ఓబులమ్మ చేతిలో పెట్టింది. పెద్దాయన కూడా ఎడమ చెయ్యి చాపాడు గానీ విజయకుమారి, "షుగరుండాది, వద్దు" అని ఫ్లాస్కు చూపించింది. అందులో ఉప్పు లేని రాగిజావ.

ఊరి మధ్యలో గుట్టమీద కోట ఉంది. ఎర్రటి గోడలు ఒకదాని పైన ఒకటి మెట్లలాగా పైకి పాకాయి. ఓబులమ్మ తలెత్తి చూస్తూ నిలబడిపోయింది. చిన్నప్పుడు మేకల వెంబడి ఉదయగిరి కోట గోడల దాకా ఎక్కిన కాళ్ళు అవి.

"నేనూ ఒకసారి పైకొస్తానమ్మా" అంది.

"మరి మామయ్యను ఎవురు చూస్తారు?" అంది విజయకుమారి.

రెండు గంటల్లో వస్తామని చెప్పి, సముద్రపు ఒడ్డున నీడలో ఇద్దరినీ వదిలి వెళ్ళారు.

అక్కడ ఇసుకలో ఒక పాత పడవ ఉంది. దాన్నిండా ఇసుక పోసి, పైన కట్టెలు రాజేసి, వేలెడేసి చేపల్ని పుల్లలకు గుచ్చి మంట పక్కన నిలబెట్టి కాలుస్తున్నారు. ఆ వాసనకు పెద్దాయన కళ్ళు మెరిశాయి.

"చేప" అన్నాడు.

"అమ్మ తిడతది పెద్దయ్యా."

"ఎన్నాళ్ళుంటాను నేను? పెట్టు."

జేబులోని నోటు తీసుకోమని గడ్డంతో చూపించాడు. ఆమె వెళ్ళి సైగలతో అడిగి, ఒక పళ్ళెం తెచ్చింది. ముల్లు తీసి, వేళ్ళతో నలిపి, కొంచెం కొంచెం నోటికి అందించింది. ఉప్పూ నిప్పూ తగిలిన చేప. ఆయన కళ్ళు మూసుకుని నమిలాడు. నాలుగు ముద్దలయ్యాక ఏడవడం మొదలుపెట్టాడు.

"కాగితం నాకే ఇచ్చినాడు" అన్నాడు.

"ఏ కాగితం?"

"కొండయ్య. పట్టా. నా బీరువాలోనే ఉండింది. నేనే కాల్చేసినాను."

ఆమె వేళ్ళు పళ్ళెంలోనే ఆగిపోయాయి. ఇరవై ఏళ్ళ కింద కొండ వాలులో మూడెకరాలకు కొండయ్యకు ప్రభుత్వం పట్టా ఇచ్చింది. పాసుబుక్కు చేయించి పెట్టమని అతను దాన్ని తెచ్చి ప్రెసిడెంటు చేతిలో పెట్టాడు. ఏడాది తర్వాత అడిగితే "నాకెప్పుడు ఇచ్చినావురా?" అన్నాడు రామనారాయణ. పంచాయతీ కూర్చుంటే ఊరు ఊరంతా పెద్దమనిషి మాటే నమ్మింది. ఆ నేల ఆయన బామ్మర్ది పేరుకెక్కింది. కొండయ్యకు మిగిలింది అబద్ధాల కొండయ్య అనే పేరు. వీధిలో పిల్లలు కూడా అట్లాగే పిలిచేవాళ్ళు.

ఆ రోజు ఇంటికొచ్చిన మొగుడితో, "తాగి యాడనో పారేసుకొని పెద్దాయన మీద నింద వేస్తావా?" అన్నది ఓబులమ్మే. కొండయ్య ఆమె మొహం చూశాడు. ఆ తర్వాత బతికిన పన్నెండేళ్ళలో ఆమె ముందు ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

"ఇప్పుడెందుకు చెప్తుండావు?" అంది.

"ఈడ ఎవురికీ మన మాట తెలీదు గదా."

ఆయన గడ్డం మీద చేప తునక అంటుకుని ఉంది. అలవాటుకొద్దీ ఆమె చెయ్యి కొంగుతో దాన్ని తుడిచేసింది. ఆ చేతిని నరుక్కోవాలనిపించింది ఆమెకు.

"బాబుతో చెప్తావా ఈ మాట? నా ముందర?"

ఆయన నీళ్ళ వైపు చూసి, చెప్తానన్నట్టు తల ఊపాడు.

ఐస్‌క్రీములు తింటూ వాళ్ళు కోట దిగి వచ్చారు. ఓబులమ్మ లేచి నిలబడింది. "బాబూ, పెద్దయ్య ఒక మాట చెప్తాడంట. మా కొండయ్య కాగితం సంగతి. తనే కాల్చినానని ఇప్పుడే చెప్పినాడు."

రమేష్‌బాబు వంగి, "ఏంది నాయనా?" అన్నాడు.

రామనారాయణ కొడుకును చూశాడు, ఓబులమ్మను చూశాడు. "చలిగా ఉండాది" అన్నాడు. ఆరేళ్ళలో ఎన్నడూ లేనంత స్పష్టంగా వచ్చింది ఆ మాట. అందరికీ అర్థమైంది. అశ్విత శాలువా తీసి తాత భుజాల మీద కప్పింది.

"చేప ఎవురు పెట్టమన్నారు నిన్ను?" అని విజయకుమారి పళ్ళెం చూసి అరిచింది.

రమేష్‌బాబు మాత్రం అరవలేదు. "ఆ మూడెకరాల్లో ఇప్పుడు బత్తాయి చెట్లుండాయి ఓబులమ్మా. మా మామ పిల్లలు బతుకుతుండారు. చచ్చినోడి కాగితం ఇప్పుడెందుకు తవ్వుతావు?" అన్నాడు.

ఆమె నేల ఊసే ఎత్తలేదు, ఎన్నెకరాలో చెప్పలేదు. అతనికి ముందునుంచీ తెలుసని ఓబులమ్మకు అప్పుడు అర్థమైంది.

ఓడలో మిగిలిన నాలుగు రోజులూ పెద్దాయన్ను కడిగింది, తినిపించింది, పక్కకు తిప్పింది. కానీ ఏమంటున్నాడని ఎవరడిగినా, "నాకు తెలీడంల్యా" అంది. ఆయన అదే మాట పదిసార్లు అని అలిసిపోయి కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. ఆమె కిటికీలోంచి నీళ్ళు చూస్తూ కూర్చునేది.

ఆత్మకూరులో దిగిన రోజే సంచి సర్దుకుని పల్లెకు వెళ్ళిపోయింది. రెండో నెలలో రామనారాయణ పోయాడు. ఊళ్ళో ఆమె ఇంటింటికీ వెళ్ళి జరిగింది చెప్పింది. ఆనాటి పంచాయతీలో కూర్చున్నవాళ్ళలో సిద్ధయ్య ఒక్కడే మిగిలున్నాడు. ఆయన అంతా విని, "ఆయన మాట నీకు తప్ప ఎవురికీ తెలీదంటివే. మరి సాక్షి ఎవురు?" అన్నాడు. పక్కన కూర్చున్నవాడెవడో, "మొగుడి బుద్ధే పెళ్ళానికీ వచ్చింది" అని నవ్వాడు.

ఓబులమ్మ కొడుకు సాయికిరణ్ వింజమూరు రోడ్డులో షేర్ ఆటో నడుపుతాడు. ఆ రాత్రి అతనికి అన్నం పెట్టి పక్కన కూర్చుంది. "మీ నాయన అబద్ధం చెప్పలేదురా" అంది.

సాయికిరణ్ తింటున్న కంచం పక్కకు జరిపాడు. "నాకు అప్పుడే తెలుసమ్మా. ఆ కాగితం తీసుకొని పోయిన రోజు నేనూ నాయన వెంబడే పోయినాను, ఆయన గడప దాకా. పంచాయతీ రోజు ఆ మాట చెప్తే, పిల్లోడివి, నీకేం తెలుసని నన్ను కొట్టినావు నువ్వు."

ఓబులమ్మకు అది గుర్తే లేదు.