జేగంట పక్కన కునుకు

తుమిజాన్ తాతకు ఉన్న అలవాటు ఒక్కటే, నిద్ర. తినడం, తాగడం, పెళ్ళాడటం, పిల్లల్ని కనడం లాంటివన్నీ ఆ నిద్రకూ ఈ నిద్రకూ మధ్య సందు దొరికినప్పుడు చేసుకొచ్చిన పనులు. క్లాటెన్ ఊరి చుట్టుపక్కల గమెలాన్ అనే కంచువాద్యాల మేళాల్లో ఆయనంత నిద్రపోయినవాడు లేడు, ఆయనంత వేళకు లేచినవాడూ లేడు. ఎందుకంటే ఆయన వాయించేది పెద్ద జేగంట.

మేళంలో అందరి వెనకా కొయ్య చట్రానికి వేలాడే కంచు జేగంట అది. దానికి 'కియాయి గుంతుర్' అని పేరు. ప్రతి గురువారం సాయంత్రం పూలు పెట్టి సాంబ్రాణి వేస్తారు. చిన్నపిల్లలు కూడా దాన్ని దాటి అడుగు వెయ్యరు. ముందు వరసల్లో వాళ్ళంతా చెమటలు కక్కుతూ వాయిస్తుంటే, జేగంట వాడికి మాత్రం పాట ఒక చుట్టు తిరిగి చివరికొచ్చినప్పుడు ఒకే ఒక్క దెబ్బ. మిగతా వేళంతా ఖాళీ. ఆ ఖాళీలో తాత స్తంభానికి చేరబడి కళ్ళు మూసేవాడు, నోరు తెరిచేవాడు, సన్నగా గురక పెట్టేవాడు. సరిగ్గా వేళకు చెయ్యి లేచేది, జేగంట గుమ్మని మోగేది, చెయ్యి మళ్ళీ ఒళ్ళో పడేది. కళ్ళు తెరిచినట్టు చూసినవాళ్ళు లేరు.

ఈ విద్య ఆయన పెళ్ళిలోనే బయటపడింది. పెళ్ళి చేయించే పెద్దాయన ఎదుట కూర్చునే కునుకు తీశాడట. అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోందట. "ఒప్పుకుంటున్నాను" అనాల్సిన ఘడియ రాగానే మాత్రం, మెలకువగా ఉన్న పెళ్ళికొడుకులే తడబడే ఆ మాటను ఒక్క ఊపిరిలో, అక్షరం పొల్లుపోకుండా అనేసి మళ్ళీ తల వాల్చాడు. "నన్ను మెలకువలో చేసుకున్నాడో నిద్రలో చేసుకున్నాడో నాకిప్పటికీ తెలీదు. అడుగుదామంటే దొరకడుగా!" అనేది ఆయన భార్య.

ఒకసారి కచేరీ మధ్యలో భూమి కదిలింది. మండపం మీంచి పెంకులు రాలాయి. వాద్యాలు వదిలేసి అందరూ మైదానంలోకి పరుగెత్తారు. అంతా సర్దుకున్నాక వచ్చి చూస్తే తాత ఉన్నచోటే ఉన్నాడు, ఒళ్ళో ఒక పెంకు ముక్క. "తాతా, భూకంపం!" అని కుదిపితే ఒక కన్ను సగం తెరిచి, "చుట్టు పూర్తయిందా?" అన్నాడు. ఇంకా కాలేదన్నారు. "అయితే ఎందుకు లేపారు?" అని విసుక్కున్నాడు.

ఈమధ్య ఆయన ఎక్కువగా నిద్రపోతున్నది చావు ఇళ్ళలో. మేళంలో వాళ్ళంతా ఒక ఈడు వాళ్ళే, ఒకరి వెంట ఒకరు పోతున్నారు. పోయిన వాళ్ళ వాద్యం మీద తెల్లగుడ్డ కప్పుతారు. వాయించేవాడు మళ్ళీ దొరికితే గుడ్డ తీస్తారు. దొరకడం లేదు. మండపంలోకి అడుగుపెడితే మేళమో శవాలగదో తెలియనట్టుగా ఉంది. జత్మికో తండ్రి మేళంలో రెబాబ్ అనే కమాను వాద్యం వాయించేవాడు. ఆయన పోయినప్పుడు, ప్రార్థనల మధ్య తాత నిద్రపోయాడు, 'ఆమీన్' మాత్రం అందరికంటే ముందు అన్నాడు. లేచి వెళ్తూ జత్మికో భుజం మీద చెయ్యి వేశాడు.

"మీ నాన్న నన్ను చూసే నిద్ర నేర్చుకున్నాడురా. లేవడం నేర్పేలోగా తొందరపడ్డాడు."

ఆ రోజంతటిలో జత్మికోకి నవ్వొచ్చింది అప్పుడే. ఏడుపొచ్చిందీ అప్పుడే. అందుకే తాతంటే అతనికి ప్రాణం.

జత్మికోది సురబాయాలో నీళ్ళ మోటార్ల కంపెనీ ఉద్యోగం. మోటార్లు అమ్మడానికి జోగ్జా వెళ్ళినప్పుడల్లా దారిలో క్లాటెన్‌లో దిగి, తాతకి లవంగం సిగరెట్లు ఇచ్చి, కాసేపు కూర్చుని వెళ్తాడు. ఈసారి దిగేసరికి బస్సు దగ్గరే లస్మిని అక్క నిలబడి ఉంది. ఆవిడ మేళంలో పాటగత్తె. మగవాళ్ళు తగ్గిపోయాక మేళం నడిపేదీ ఆవిడే. మొహం ముడుచుకుని ఉంది.

"తమ్ముడూ, నువ్వొక పాపం చెయ్యాలి" అంది.

"ఎవరిని చంపాలక్కా?"

"తుమిజాన్ తాతని. అంటే చంపడం కాదు, అలాంటిదే. జేగంట దగ్గర్నుంచి లేవమని చెప్పాలి."

ముందు వేళాకోళం అనుకున్నాడు. కాదు. కొన్నాళ్ళుగా జేగంట తప్పుతోంది. చుట్టు పూర్తికాకముందే మోగేస్తోంది, ఒక్కోసారి పూర్తయ్యాక కూడా మోగట్లేదు. వచ్చే వారం జిల్లా అధికారి ఇంట్లో కచేరీ ఉంది. అక్కడ బాగా జరిగితే మేళం నిలుస్తుంది. నవ్వులపాలైతే మిగిలిన వాద్యాల మీద కూడా గుడ్డ కప్పుకోవడమే. తాత చోటికి లస్మిని మేనల్లుడు సిద్ధంగా ఉన్నాడు. సంగీత కళాశాలలో చదివాడు, లెక్క తప్పడు.

"మరి నువ్వే చెప్పచ్చుగా?"

"పెద్దవాళ్ళ విషయం తెలుసుగా. ఆయన నోటితో 'సరే' అనాలి. అనకుండా తీసేస్తే రేపు నా చావుకి ఊళ్ళో ఒక్కరు రారు. నేను చెబితే అనడు. నువ్వంటే ఇష్టం, నువ్వు చెబితే అంటాడు."

మండపంలో సాధన మొదలవబోతోంది. జత్మికో వెళ్ళి జేగంట పక్కన తాత దగ్గర కూర్చున్నాడు. అక్కణ్ణించి చూస్తే తన తండ్రి రెబాబ్ తెల్లగుడ్డ కింద కనిపిస్తోంది. చూడకుండా ఉండటానికి తాత వైపు తిరిగాడు.

"వచ్చావా? సిగరెట్లు?" అని అడిగాడు తాత, కళ్ళు మూసుకునే.

"తెచ్చాను."

"అయితే మంచి పిల్లాడివే" అని గురక మొదలుపెట్టాడు.

ముందు వరసలో మద్దెల ఒళ్ళో పెట్టుకుని రెసో తాత కూర్చున్నాడు. మేళాన్ని నడిపించేది మద్దెలే. నెమ్మదించమన్నా, వేగం పెంచమన్నా, ముగించమన్నా అదే చెబుతుంది. రెసో, తుమిజాన్ గోచీలనాటి స్నేహితులు, గోచీలనాటి శత్రువులు కూడా. రెసో వెనక్కి తిరిగి అరిచాడు.

"ఒరేయ్ నిద్రమొహం! ఇవాళన్నా నా తాళం చెడగొట్టకు!"

గురక జవాబిచ్చింది.

పాట మొదలైంది. రెండు చుట్లు చక్కగా తిరిగింది. మూడో చుట్టు సగంలో రెసో చేతులు ఆగాయి. మద్దెలను కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. ఆ తరవాత ఆ చోట వాయించకూడనిది, ముగింపుకి ముందు వాయించేది, వాయించాడు. సగం మంది మద్దెల వెంట వెళ్ళారు, సగం మంది పాట వెంట వెళ్ళారు. కంచు మోతలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. లస్మిని గొంతు ఎటు పోవాలో తెలియక ఆగింది.

అప్పుడే జత్మికో పక్కకు చూశాడు. తాత కళ్ళు మూసే ఉన్నాయి, నోరు తెరిచే ఉంది. కానీ లుంగీ కింద కుడికాలి బొటనవేలు నేలమీద టకటకా లెక్కపెడుతోంది. ఆ వేలు ఠక్కున ఆగింది. చెయ్యి లేచింది. జేగంట మోగింది.

మోగకూడని చోటే మోగింది. కానీ జేగంట మోగిందంటే చుట్టు అయిపోయినట్టే, ఎక్కడ తప్పిపోయినవాళ్ళయినా అక్కడ కలుసుకోవాల్సిందే. అందరూ గబగబా మొదటికొచ్చారు. రెసో చేతులు కూడా ఆ మోతతో ఉలిక్కిపడి మొదటినుంచి వాయించడం మొదలుపెట్టాయి. మొదటినుంచైతే వాటికి అంతా తెలుసు.

"చూశావా!" అన్నట్టు లస్మిని జత్మికో వైపు చూసింది. పాట అవగానే అందరూ తాత మీద పడ్డారు. తాత ఆవులించాడు.

"కునుకు పట్టేసిందమ్మా. వయసు..."

"నీ వల్ల నా పరువు పోతోందిరా!" అన్నాడు రెసో.

"నీకు పరువుందని ముందే చెప్పచ్చుగా, జాగ్రత్తగా ఉండేవాణ్ణి" అన్నాడు తాత.

టీ తాగడానికి అందరూ లేచారు. జత్మికో తాతను మండపం వెనక్కి తీసుకెళ్ళాడు.

"తాతా, మీరు నిద్రపోలేదు."

"నెమ్మదిగా! ఇన్నేళ్ళు కష్టపడి సంపాదించుకున్న పేరు పాడుచేస్తావా?"

"ఎన్నాళ్ళనుంచి?"

తాత సిగరెట్ వెలిగించుకున్నాడు. నవ్వు పోయింది మొహంలో. "రెసోగాడి పెళ్ళాం పోయినప్పట్నుంచి. మొన్న శ్మశానం దారిలో కనిపించాడు. ఎక్కడికిరా అంటే, పొద్దెక్కింది, మా ఆవిడ ఇంకా రాలేదు, అన్నానికి పిలుచుకొస్తానన్నాడు. ఇంటికి తీసుకొచ్చేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. వాడి గేటు వాడికి తెలీదు, కొడుకు పేరు తెలీదు. మద్దెల ఒళ్ళో పెడితే మాత్రం చేతులకి తెలుస్తుంది. అదీ అప్పుడప్పుడూ జారిపోతోంది."

"మరి మీరెందుకు మాటలు పడటం?"

"నిద్రపోయినవాణ్ణి చూస్తే నవ్వుతారు. మతి పోయినవాణ్ణి చూస్తే జాలిపడతారు. జాలిపడితే ఇంట్లో కూర్చోమంటారు. ఇంట్లో కూర్చుంటే వాడు నెల తిరక్కుండా పోతాడు, ఇంకో గుడ్డ కప్పాలి. నన్ను చూసి నవ్వితే నాకేం పోయింది?"

జత్మికోకి చెప్పాలనిపించలేదు. అయినా చెప్పక తప్పలేదు. "తాతా, మిమ్మల్ని లేవమంటున్నారు. మీరు 'సరే' అంటే లస్మిని అక్క మేనల్లుడు కూర్చుంటాడు. లెక్క తప్పడట, కచ్చితంగా కొడతాడట."

"అదేగా నా భయం. కచ్చితంగా కొడతాడు. మొదటి రోజే రెసోగాడు నలుగురిలో దొరికిపోతాడు."

"అయితే లస్మిని అక్కకి నిజం చెప్పేస్తాను."

"చెబితే ఈ రోజే దొరికిపోతాడు." తాత సిగరెట్ సగంలో ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు. "ఇద్దరం ముసలాళ్ళం. ఇంకెన్నాళ్ళు? మీ నాన్నలాగా నువ్వూ తొందరపడకు."

తాత లోపలికి వెళ్ళాడు. జత్మికో బస్సుకి వేళయింది. చెప్పుల కోసం మెట్ల దగ్గరికి వచ్చాడు. అక్కడ రెసో తాత నిలబడి, చెప్పుల గుంపు వంక అయోమయంగా చూస్తున్నాడు. ఏవి తనవో తెలియడం లేదు. జత్మికో వంగి, అరిగిపోయిన తోలు జత తీసి ఆయన కాళ్ళ ముందు పెట్టాడు.

"నువ్వు రెబాబ్ వాడి కొడుకువి కదూ?" అన్నాడు రెసో. ఒక్కసారిగా మొహంలోకి వెలుగొచ్చింది. జత్మికో మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "బాబూ, వాళ్ళు తుమిజాన్‌ని తీసెయ్యాలని అనుకుంటున్నారు. నాకు తెలుసు. నువ్వు లస్మినికి చెప్పు, తియ్యద్దని."

"మీరేగా తాతా రోజూ తిడతారు?"

"తిట్టకపోతే నిజంగా నిద్రపోతాడు! ముసలాడైపోయాడు పాపం, ఎక్కడ కొడుతున్నాడో తెలీదు. నేను మద్దెల అటూ ఇటూ సర్ది కప్పిపుచ్చుకొస్తున్నాను. వాడు తప్పు కొట్టినచోటల్లా అక్కడే చుట్టు అయిపోయినట్టు అందుకుంటాను. ఎవరికీ తెలీదు." ఆయన జత్మికో చెయ్యి గట్టిగా నొక్కాడు. "వాడికి జేగంట తప్ప ఏముంది? ఇంట్లో కూర్చోబెడితే నెల తిరక్కుండా పోతాడు. నీకు చెప్పానని వాడికి చెప్పకు, చిన్నబుచ్చుకుంటాడు."

జత్మికో సరేనన్నట్టు తల ఊపాడు. రెసో తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, చెప్పులు వేసుకుని, వాటితోనే మండపంలోకి వెళ్ళబోయాడు. జత్మికో ఆపి విప్పించాడు.

గేటు దగ్గర లస్మిని ఎదురొచ్చింది. "చెప్పావా? ఏమన్నాడు?"

జత్మికో వెనక్కి తిరిగి చూశాడు. లోపల ఇద్దరు ముసలాళ్ళూ ఒకే అరిటాకులో వేయించిన సోయాగింజల టెంపే ముక్కలు తింటూ, పెద్దముక్క కోసం తిట్టుకుంటున్నారు.

"చెప్పానక్కా. అంతా విన్నాడు. 'సరే' అనేలోగా నిద్రపోయాడు."

లస్మిని అతని కళ్ళలోకి చూసింది. మోటార్లు అమ్మేవాడికి అబద్ధం కొత్త కాదు. కానీ ఈ అబద్ధం చెబుతుంటే కళ్ళు తడిగా ఉన్నాయి. ఆవిడ ఏదో అడగబోయి మానేసింది. మూతి బిగించుకున్నా నవ్వు ఆగలేదు.

"నిద్రపోయేవాణ్ణి ఉద్యోగంలోంచి ఎలా తీస్తాం? పాపం తగులుతుంది" అంది. "మేనల్లుణ్ణి మీ నాన్న రెబాబ్ దగ్గర కూర్చోబెడతాను, ఆ గుడ్డన్నా తీసినట్టుంటుంది. తాత ఎక్కడుంటే అక్కడే. జిల్లా అధికారి ఇంటికి ఒక దిండు కూడా పట్టుకెళ్తాలే."