ఆర్మ్ బిగించడానికి ఉరుకుందన్న లేడు

నిన్న మధ్యాన్నం ఫోన్‌లో ఉరుకుందన్న పేరే పడింది.

ఎత్తీ ఎత్తకనే "బ్యాటరీలన్నీ ఛార్జింగ్ పెట్టినాలేన్నా, ఊరూరికే ఫోన్ చేయొద్దు" అని కసిరినా.

అవతల అన్న కాదు. వదిన.

ఏడ్చుకుంటానే చెప్పింది.

ఛాతీలో మంటంటే గ్యాస్ అనుకొని సోడా తాగినాడంట. ఆదోనిలో స్టూడియో ముందరే కూలబడినాడంట. ఆస్పత్రికి పోయేలోపలే అయిపోయింది.

నాకు ఏడుపు రాలేదు. నిజం చెప్తాండా, ముందు వచ్చింది భయమే.

తెలియనోళ్లకు చెప్తా. ఉరుకుందన్నది ఆదోనిలో చిన్న ఫొటో స్టూడియో. మాది ఎమ్మిగనూరు, మగ్గం నేసే ఇల్లు. ఆడపిల్ల కెమెరా పట్టుకొని ఊర్లు తిరగడమేంటని మావాళ్లంతా మూతి తిప్పితే, ఇంటికొచ్చి మా నాయనతో మాట్లాడి నన్ను పనికి తీసుకుపోయినోడు ఆయన. పెళ్లికూతురు రూమ్‌లోకి ఆడపిల్లైతేనే ఫ్రీగా పోతాదప్పా అన్నాడు.

మాకు పేరొచ్చింది టాప్ యాంగిల్‌తోనే.

జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు మధ్యలో తెర పట్టుకుంటారు కదా. ఈ పక్క కెమెరాకు పిల్ల కనపడుతుంది, ఆ పక్క దానికి పిల్లోడు. ఇద్దరి మొఖాలూ ఒకేసారి కావాలంటే పైనుంచే తీయాల.

దానికే మ్యాజిక్ ఆర్మ్. మన మోచెయ్యి మాదిరి మడిచే ఇనుప చెయ్యి. ఒక కొన మంటపం పైపుకు క్లాంప్, ఇంకో కొనకు కెమెరా. ఎట్ల కావాలంటే అట్ల తిప్పుకొని నడిమధ్య నాబ్ బిగించాల.

ఆ నాబ్ వదులైతే కెమెరా పడేది పెళ్లికూతురు నెత్తినే.

ఎప్పుడూ అన్నే బిగించేవాడు. నేను కింద స్క్రీన్ చూసేదాన్ని.

ఒకసారి హాలహర్వి పెళ్లిలో, తలంబ్రాలప్పుడు, ఫ్రేమ్ మెల్లగా కిందికి దిగుతాంది. స్క్రీన్‌లో పిల్ల పాపిడి పెద్దగైతాంది. డ్రమ్స్ అదురుకు నాబ్ జారింది. అరుద్దామంటే నాకు నోరు పెగల్లేదు.

అన్న నా మొఖం చూసినాడు, అంతే. పీటల వెనక్కి పోయి, చెయ్యి పైకెత్తి కెమెరాను అరచేతిలో పట్టుకున్నాడు. తలంబ్రాలు అయ్యేదాకా దించలేదు. నెత్తినిండా బియ్యం. ఎవరో ముసలామె ఈయన దీవిస్తాండాడనుకొని ఇంకో చేతిలో అక్షింతలు పోసింది. అవీ చల్లినాడు.

తర్వాత నెలంతా నన్ను ఏడిపించినాడు. కెమెరా కాదు పాపా, నువ్వే పడేటట్లుంటివి అని.

ఆ పొద్దు నుంచి ఆర్మ్ ముట్టుకోవాలంటే నాకు గుండె దడ. నువ్వుండావు కదన్నా అంటి. అట్లే గడిపితి.

ఎల్లుండి చిప్పగిరి పెళ్లి. అన్న ఒప్పుకున్నదే. పిల్ల నాయన నిన్న సాయంత్రం ఫోన్ చేసినాడు. ఆయనా బాధపడినాడు పాపం. మళ్లా, మా పాప ఆ పైనుంచి తీసేదే కావాలంటాంది, నీకైతాదా అమ్మా అని అడిగినాడు.

అయితాదని అనేసినా. ఎందుకన్నానో నాకే తెలీదు.

ఈ పొద్దు పొద్దున్నే అన్నను సాగనంపినాం. నేను బయల్దేరుతాంటే వదిన లోపలికి పోయి ఆర్మ్ ఉన్న సంచి తెచ్చింది.

"నీకు వద్దంటే వద్దు పాపా, వాళ్లకు నేను చెప్తా. కానీ ఈ పెళ్లికి నాబ్ నీతోనే బిగింపించాలనుకున్నాడు మీ అన్న."

నాకు ఒక్క మాట చెప్పలేదు. చెప్పింటే పెళ్లి రోజుకు నాకు జ్వరం వస్తాదని ఆయనకు తెలుసు.

సంచి ఇంటికి తెచ్చుకున్నా. మగ్గం పైన వాసానికి క్లాంప్ వేసినా. అరచెయ్యి ఎర్రగయ్యేదాకా నాబ్ బిగించినా. కెమెరా తగిలించినా. మా అమ్మ దాని కింద నడవకుండా గోడ పట్టుకొని పోతాంది.

నేను దాని కిందనే కూసోనుండా.

ఈ పోస్ట్ ఈడ్నుంచే రాస్తాండా. రెండు మాటలు టైప్ చేసేది, పైకి చూసేది.

భయం పోలేదన్నా. చిప్పగిరికి మాత్రం పోతాండా.

నిదానంగా పోయిరా ఉరుకుందన్నా. యాడున్నా నిమ్మళంగా ఉండు.