నాలుగు వందల పన్నెండో మనవి

అమెరికాలోని నోవై ఊళ్ళో, తెలుగు క్రైస్తవ సంఘంలో దేవకుమారి గారి పుస్తకమంటే అందరికీ భయభక్తులు. భయం పాలే కాస్త ఎక్కువ. ఆదివారం మధ్యాహ్నం రెండింటికి, అమెరికన్లు తమ ఆరాధన ముగించుకుని హాలు ఖాళీ చేశాక మనవాళ్ళు చేరతారు. పాటలయ్యాక ఆవిడ లేచి, కళ్ళజోడు సవరించుకుని, ప్రార్థన మనవులు చదువుతుంది. ఎవరి మోకాలి నొప్పి, ఎవరి అబ్బాయి ఉద్యోగం, ఎవరి అత్తగారి వీసా, అన్నీ అందులోనే. పుస్తకంలో అయిదు గళ్ళు: సంఖ్య, పేరు, ఊరు, మనవి, ఫలితం. ఫలితం గడి నిండేదాకా ఏ పేరూ కొట్టెయ్యదు. మోకాలు తగ్గితే తగ్గిందని వచ్చి చెప్పుకోవాలి. చెప్పకపోతే వచ్చే ఆదివారం ఆ మోకాలు మళ్ళీ అందరి చెవినా పడుతుంది. ఆ బాధ పడలేక నోవైలో జనం తొందరగా కోలుకునేవారు.

ఆవిడకి యాభై తొమ్మిదేళ్ళు. పుట్టింది నరసాపురం దగ్గర. వారమంతా ఒక ఫార్మసీలో మాత్రలు సీసాల్లో పోసి చీటీలు అంటించే ఉద్యోగం. ఆ చేతికి తప్పు రాదు, ఆ నోటికి మొహమాటం లేదు.

ఇంత పట్టింపు ఎందుకో ఒక్క పాస్టరు దైవాశీర్వాదం గారికే తెలుసు. ఇరవై ఏడేళ్ళ కిందట, అమెరికా వచ్చిన కొత్తలో, వేరే రాష్ట్రంలో ఉండగా, ఆవిడ మూడేళ్ళ కొడుకు శామ్యూల్‌కి మెదడువాపు జ్వరం వచ్చింది. అక్కడి సంఘం వాళ్ళు రెండు ఆదివారాలు పిల్లవాడి పేరు చదివి ప్రార్థన చేశారు. మూడో ఆదివారం ఆ పేరు వినడం కోసమే ఆసుపత్రి నుంచి గంటసేపు బయటపడి చర్చికి వెళ్ళింది. చదవలేదు. కబురేమీ రాలేదు కదా అని ఎవరో తీసేశారట. పిల్లవాడు బుధవారం పోయాడు. పేరు చదివి ఉంటే బతికేవాడని ఆవిడ ఎన్నడూ అనలేదు, అంత తెలివితక్కువ మనిషి కాదు. కానీ బిడ్డ పేరు ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుందని చెవులు రిక్కించి కూర్చున్న ఆ పది నిమిషాలు ఆవిడకి ఇవాళ్టికీ మంటే. నోవై వచ్చి పుస్తకం చేతికందిన రోజునే గట్టిగా అనుకుంది, కబురు తెలియకుండా ఏ బిడ్డ పేరూ ఇందులోంచి జారిపోకూడదని.

అలాంటి మనిషిని మ్యూజియానికి తీసుకెళ్ళడం వసంతలక్ష్మి చేసిన పొరపాటు.

వసంతలక్ష్మి స్త్రీల సమాజానికి పెద్ద. గంటన్నర దూరంలో ఒక చిన్న కాలేజీ ఉందనీ, దాని లైబ్రరీ కింది అంతస్తులో పపైరస్ మ్యూజియం ఉందనీ, అందులో బైబిలు నాటి కాగితాలు చూడొచ్చనీ ఎక్కడో చదివింది. మే నెల శనివారం పదకొండు మంది ఆడవాళ్ళు వ్యాను మాట్లాడుకుని, పులిహోర డబ్బాలతో బయల్దేరారు.

తీరా చూస్తే రెండే గదులు. నీటిమొక్క కాడల్ని పొరలుగా చీల్చి అతికించిన కాగితం ముక్కలు అద్దాల కింద ఎండిన అప్పడాల్లా ఉన్నాయి. బైబిలు ముక్క ఒక్కటీ లేదు. ఒకడు పక్కింటివాడి మేకల మీద రాసిన ఫిర్యాదు, ఒక పెళ్ళి పిలుపు, గాడిదను ఎరువిచ్చి తిరిగి రానందుకు ఏడుపు. "ఇవన్నీ మన ఊళ్ళో లేవా ఏంటి?" అంటూ ఆడవాళ్ళు పావుగంటలో బయటపడి చెట్టు కింద డబ్బాలు విప్పారు. దేవకుమారి మాత్రం నాలుగో అద్దాల పెట్టె దగ్గర నిలబడిపోయింది.

మ్యూజియం చూసుకునే అదితి ఆవిడ దగ్గరికొచ్చింది. తెలుగువాళ్ళ పిల్లే. ఇక్కడే, అమెరికాలోని శాన్ రామన్‌లో పుట్టి పెరిగింది, ముప్పై దాటి ఉంటాయి. వేల ఏళ్ళ నాటి గ్రీకు గడగడా చదువుతుంది కానీ తెలుగు తడుముకుంటుంది.

"ఆంటీ, ఇది థర్డ్ సెంచరీ. ఈజిప్ట్. తాయిస్ అని ఒక మదర్, వాళ్ళ సిస్టర్‌కి రాసింది."

"ఏం రాసిందమ్మా?"

అదితి వేలు అద్దం మీద జరుపుతూ చెప్పుకొచ్చింది. "నువ్వు పంపిన ఉప్పు చేపలు వచ్చాయి. చిన్నదానికి పన్నెండు రోజుల నుంచి ఫీవర్. ఏమీ తినట్లేదు. మాకోసం ప్రే చెయ్యి. మనవాళ్ళందరికీ చెప్పు. తర్వాత చిరిగిపోయింది."

"తర్వాత ఏమైంది?"

"తెలీదు ఆంటీ. ఎవరికీ తెలీదు."

దేవకుమారి సంచీలోంచి పుస్తకం తీసింది. నాలుగు వందల పన్నెండు. పేరు, తాయిస్ వాళ్ళ చిన్నది. ఊరు, ఈజిప్టు. మనవి, పన్నెండు రోజులుగా జ్వరం, తిండి లేదు. ఫలితం గడి ఖాళీ. సంవత్సరం రాయడానికి ఆ పుస్తకంలో గడి లేదు కాబట్టి రాయలేదు. ఇందులో అబద్ధం ఎక్కడుందో వెతకండి, నాకైతే దొరకలేదు.

ఆ సాయంత్రమే మనవి వాట్సాప్ గుంపులోకి వెళ్ళింది. అరగంటలో డెబ్భై జతల చేతులు జోడించుకుని ప్రత్యక్షమయ్యాయి. మ్యూజియం బయట చెట్టు కింద పులిహోర తిన్న వసంతలక్ష్మి కూడా రెండు జతలు పెట్టింది, ఆవిడ నాలుగో పెట్టె చూస్తేగా! నర్సు క్రిస్టినా బ్లడ్ కల్చర్ పరీక్ష చేయించారా అని అడిగింది. ఒకాయన తన బావమరిది కువైట్‌లోనే ఉన్నాడనీ, ఈజిప్టు అక్కడికి దగ్గరే కనుక అవసరమైతే వెళ్ళి చూసొస్తాడనీ రాశాడు. రెండో వారం గొంతు తడుపుకోకుండా ఉపవాస ప్రార్థన జరిగింది. మూడో వారం ఒకావిడ పాప లేచి కూర్చుని గంజి తాగుతున్నట్టు తనకు కల వచ్చిందని సాక్ష్యం చెప్పబోతే, "కలలు ఫలితం గడిలో రాయనమ్మా," అని దేవకుమారి కూర్చోబెట్టేసింది.

నాలుగో వారం చిక్కొచ్చిపడింది. సంఘం సెక్రటరీ వినయ్ కుమార్ ఐటీ మనిషి. పుస్తకం పద్ధతి తీసేసి యాప్ పెట్టాలని అతనికి ఏడాదిగా తహతహ. యాప్‌లో ముప్పై రోజులు ఏ కబురూ లేని మనవి దానంతటదే మాయమైపోతుంది. ఆదివారం సమోసాల వేళ అతను దేవకుమారి పక్కన చేరాడు.

"ఆంటీ, ఆ ఈజిప్ట్ సిస్టర్‌ని జూమ్‌లో కనెక్ట్ చేద్దాం. అందరం కలిసి ప్రే చేస్తే ఆవిడకి ధైర్యంగా ఉంటుంది. నంబర్ ఇవ్వండి."

"నంబరు లేదు బాబూ."

"ఈమెయిల్?"

"అదీ లేదు. ఉత్తరమే రాసింది."

"అడ్రస్ ఉంటుందిగా?"

"మ్యూజియంలో ఉంది, నాలుగో పెట్టె."

వినయ్ కుమార్ చేతిలో సమోసా చేతిలోనే ఉండిపోయింది. సంగతి విని అయిదు నిమిషాల్లో కమిటీ మొత్తం పాస్టరు గారి గదిలోకి చేరింది. డెబ్భై ఎనిమిదేళ్ళ దైవాశీర్వాదం గారు టీ కప్పు పట్టుకుని కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు.

"అయ్యగారండీ, నెల రోజులుగా పదిహేడు వందల ఏళ్ళ కిందటి మనిషి కోసం ప్రార్థన చేస్తున్నాం!" అన్నాడు వినయ్ కుమార్. "నేను ఒక పూట కాఫీ కూడా మానేశాను."

"దేవుడికి నిన్నా రేపూ లేవని పోయిన నెల ప్రసంగంలో చెప్పింది నువ్వే కదా," అంది దేవకుమారి.

"అది ప్రసంగం ఆంటీ!"

క్రిస్టినా మెల్లగా కల్పించుకుంది. "ఆంటీ, ఆ పాప ఎలాగూ ఇప్పుడు లేదు కదండీ."

"నూరేళ్ళు బతికి ముసలిదై పోయుంటే అది వేరే సంగతి. ఆ జ్వరం తగ్గిందా లేదా? అది చెప్పు, ఇప్పుడే గడి నింపేస్తాను."

చివరికి కమిటీ ఒక తీర్మానం చేసింది. వచ్చే ఆదివారం లోగా పాప గురించి ఏదో ఒక కబురు తేవాలి, లేకపోతే పేరు తీసేసి, పుస్తకం మూసేసి, యాప్ మొదలెట్టాలి. దేవకుమారి పుస్తకం సంచీలో పెట్టుకుని లేచింది.

బుధవారం ఫార్మసీకి సెలవు పెట్టి మ్యూజియానికి డ్రైవ్ చేసింది. పాప కబురు కావాలన్న మాట విని అదితి మొదట నవ్వింది. శామ్యూల్ సంగతి ఆవిడ చెప్పాక నవ్వడం మానేసి కంప్యూటరు ముందు కూర్చుంది. మూడు దేశాల్లో ఉన్న కాగితాల జాబితాలన్నీ సాయంత్రం దాకా వెతికింది. తాయిస్ రాసిన ఉత్తరం ఇంకొకటి ఎక్కడా లేదు.

"ఆంటీ, పాప ఓకే అయింది అని నేను రాసిచ్చేస్తే? హూ విల్ నో?"

దేవకుమారికి నోరూరింది. నిజం చెప్పాలంటే చాలాసేపు ఊరింది. "వద్దమ్మా," అంది చివరికి. "తెలిసిందే రాయి."

ఆదివారం కమిటీ ముందు ఆవిడ కాలేజీ ముద్ర ఉన్న కాగితం విప్పి, తెలుగు చేసి చదివింది. "సంబంధిత వ్యక్తులకు. నాలుగో పెట్టెలోని పత్రంలో పేర్కొన్న బాలిక సదరు జ్వరంతో మరణించినట్టు మా సంస్థ వద్ద ఎటువంటి ఆధారమూ లేదు. కోలుకున్నట్టు కూడా లేదు. మరేదైనా సమాచారం అందిన వెంటనే తమకు తెలియజేయగలము."

"ఇది కబురు ఎలా అవుతుంది ఆంటీ?" వినయ్ కుమార్ తల పట్టుకున్నాడు. "ముప్పై డేస్ దాటింది. రూల్ ఈజ్ రూల్."

"సరే బాబూ. రూలంటే అందరికీ రూలే కదా?" దేవకుమారి పుస్తకం వెనక్కి తిప్పడం మొదలుపెట్టింది. చాలా వెనక్కి తిప్పింది. "యాభై ఏడు. పేరు, వినయ్ కుమార్. ఊరు, నోవై. మనవి, గ్రీన్ కార్డు. రాసి తొమ్మిదేళ్ళయింది. ప్రతి ఆదివారం చదువుతూనే ఉన్నాను. ఫలితం గడి ఖాళీ. కలం ఇటివ్వు, కొట్టేస్తాను."

వినయ్ కుమార్ కలాన్ని జేబులో పెట్టేసుకున్నాడు.

"ఆంటీ... నా ప్రయారిటీ డేట్ ఇంకా కరెంట్ అవలేదు, క్యూలో నా వంతు రాలేదు."

"కబురు రాలేదన్నమాట."

"రాలేదు."

"అయితే ఉంచమంటావా, తియ్యమంటావా?"

"ఉంచండి ఆంటీ," అన్నాడు అతను, ఎవరి మొహమూ చూడకుండా. "రెండూ ఉంచండి."

కమిటీ తీర్మానం వెనక్కి తీసుకున్నారు. ఇంటికెళ్ళి వినయ్ కుమార్ యాప్‌లో గడువు ఎత్తేద్దామని చూశాడు గానీ అది కుదరక, అన్ని మనవులకూ రెండు వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిదో సంవత్సరం పెట్టాడని తర్వాత తెలిసింది. తన గ్రీన్ కార్డుకి ఆ గడువు సరిపోతుందో లేదోనని అతనికి ఇప్పటికీ అనుమానమే.

అందరూ వెళ్ళిపోతుంటే దైవాశీర్వాదం గారు దేవకుమారిని ఆపారు.

"అమ్మా, ఒక్క మాట. ఆ తల్లికి ఎవరైనా జవాబు రాశారా?"

అదితి వెతికినంత మేర ఏ జవాబూ దొరకలేదని దేవకుమారి చెప్పింది. ఉత్తరం అందుకున్న ఆ అక్కో చెల్లెలో రాసిందో లేదో తెలియదు.

"అయితే మనం రాయాలి కదమ్మా," అన్నారు ఆయన, టీ తాగమన్నంత మామూలుగా.

నాలుగు రోజులు పట్టింది. ఫార్మసీలో భోజనాల వేళ వెనక గదిలో కూర్చుని రాసింది, కొట్టేసింది, మళ్ళీ రాసింది. శామ్యూల్ జ్వరంతో ఉన్న రోజుల్లో తనకి ఎవరైనా ఇలాంటి ఉత్తరం ఒక్కటి రాసి ఉంటే ఎంత బావుండేదో అనిపించి, మందుల అట్టపెట్టెల మధ్య వెక్కి వెక్కి ఏడ్చింది. శనివారం తీసుకెళ్ళి అదితి చేతికిచ్చింది.

అదితి ఉత్తరాన్ని అటూ ఇటూ తిప్పింది. ఇంతకుముందు ఇక్కడి ఉత్తరాలకి జవాబు తెచ్చినవాళ్ళు లేరు. ఎక్కడ పెట్టాలో రూలు లేదు. చివరికి నాలుగో పెట్టె కింద సొరుగు ఖాళీగా ఉంది కనుక అక్కడ పెడతానంది. ఆ తర్వాత ఇబ్బందిగా నవ్వింది.

"ఆంటీ, నాకు తెలుగు చదవడం రాదు. క్యాటలాగ్‌లో ట్రాన్స్‌లేషన్ పెట్టాలి. మీరు చదివితే నేను టైప్ చేస్తాను."

దేవకుమారి కళ్ళజోడు పెట్టుకుని, ఆదివారం చదివే గొంతుతోనే చదివింది.

"అమ్మా తాయిస్, నోవై నుంచి దేవకుమారి వందనాలు. నీ ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైంది, మన్నించు. చిన్నదాని పేరు నువ్వు రాయలేదు, అందుకని తాయిస్ వాళ్ళ చిన్నది అని చదువుతున్నాం. పోయిన ఆదివారం చదివాం. రేపు కూడా చదువుతాం. జ్వరం తగ్గితే కబురు చెయ్యి. తగ్గకపోయినా కబురు చెయ్యి, భయపడకు, ఎవరూ ఏమీ అనరు. కబురు చెయ్యడానికి నీకు తీరిక లేకపోతే పోనీలే, దాని పక్కనే ఉండు. పేరు మాత్రం తియ్యం. నువ్వు ఏ ఆదివారం వచ్చి కూర్చున్నా నీకు వినపడుతుంది."

టైపు చప్పుడు ఆగిపోయింది. అదితి కళ్ళు తుడుచుకుని, మధ్యలో కొంత తప్పిపోయిందనీ మళ్ళీ చదవమనీ అడిగింది. దేవకుమారి మొదటి నుంచి చదివింది.