పది రేకు బిళ్ళలు

నా చిన్నప్పుడు మేం ఒరిస్సాలో సెమిలిగుడ దగ్గర ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఉండేవాళ్ళం. మా నాన్నది పనిముట్లు ఇచ్చే గదిలో ఉద్యోగం. అక్కడ ఒక్కో పనివాడికి పదేసి ఇత్తడి బిళ్ళలుండేవి. సుత్తి కావాలంటే బిళ్ళ ఇచ్చి పట్టుకెళ్ళాలి, సుత్తి తిరిగిచ్చాక బిళ్ళ వెనక్కి తీసుకోవాలి. పది బిళ్ళలూ అయిపోతే ఎంత పెద్దవాళ్ళు అడిగినా నాన్న పదకొండో పనిముట్టు ఇచ్చేవాడు కాదు.

ఒక వానాకాలం ఆ పద్ధతి ఇంట్లోకి తెచ్చాడు. నా సామాను మంచం కింద పట్టక వసారాలోకి వచ్చేసిందని ఆయన బాధ. డాల్డా డబ్బా రేకు కత్తిరించి నాకు పది బిళ్ళలు చేసిచ్చాడు. బడి సామాను కాక, నాదన్న ప్రతి వస్తువుకూ ఒక బిళ్ళ ఆయనకు అప్పగించాలి, పదికి మించినవి ఎవరికైనా ఇచ్చెయ్యాలి. ఏడ్చాను, అలిగాను, ఒక పూట అన్నం మానేశాను. చివరికి దారికొచ్చి, పది వస్తువులుంచుకుని పది బిళ్ళలూ అప్పగించాను.

సరిగ్గా ఆ వారమే సంతలో, కీ ఇస్తే టకటకా గింజలు పొడిచే రేకు కోడి కనబడింది. ఇక నాకు నిద్ర పట్టలేదు.

“బిళ్ళేదమ్మి? ఏదో ఒకటి ఇచ్చీసి కోడిని తెచ్చుకో” అన్నాడు నాన్న.

నేనేమైనా తక్కువదాన్నా? నా గౌన్లు రెండూ ఒకదానిలో ఒకటి దూర్చి, మెడ దగ్గర కుట్టేసి, ఇది ఒకటే వస్తువని వాదించాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, కుట్టు బాగుందని మెచ్చుకుని, “ఒకటే అయితే ఒకేపాలి తొడుక్కో” అన్నాడు. పంతానికి తొడుక్కున్నాను. వీధిలో పిల్లలంతా “బస్తా, బస్తా” అంటూ నా వెంటపడ్డారు.

ఒళ్ళు మండిపోయింది. తిన్నగా లోపలికెళ్ళి నాన్న మంచం కింది చెక్కపెట్టెను వసారాలోకి ఈడ్చుకొచ్చాను. మూగబోయిన రేడియోలు మూడు, వెలగని టార్చిలైట్లు ఆరు, పిడిలేని గొడుగులు, ఆగిపోయిన గడియారాలు. ఎప్పటికైనా బాగుచేస్తానని ఏళ్ళ తరబడి దాచినవి. అందరూ చూసేలా వరసగా పేర్చి, “మరి నీ బిళ్ళలేవి నాన్నా?” అన్నాను.

“ఏటి, సెప్పండి మరి! పిల్ల అడుగుతంది గదా” అని వంటింట్లోంచి అమ్మ.

నాన్న మొహం ఎర్రబడింది. వీపు విమానం మోత మోగుతుందనుకున్నాను. ఆయన ఒక్కసారి పకపకా నవ్వి, మిగిలిన రేకు తెచ్చుకుని, ఆ పిల్లలందరి ముందే కూర్చుని తనకూ పది బిళ్ళలు కత్తిరించుకున్నాడు. ఏవి ఉంచుకోవాలో, ఏవి వదలాలో పక్కన నిలబడి నేనే దర్జాగా అజమాయిషీ చేశాను.

మరుసటి సంతలో నాన్న తన రేడియోలు, గడియారాలు అవి బాగుచేసేవాడికి ఊరికే ఇచ్చేశాడు. నేను కుట్టు విప్పి, బిగుతైన గౌను మా పాలామె కూతురికిచ్చి, నా బిళ్ళ నేను తీసుకుని కోడిని తెచ్చుకున్నాను. నాన్న సైకిలు ముందు కడ్డీ మీద కూర్చుని వస్తుంటే నేనే రాణిననిపించింది.

కోడి ఆనందం కోడిదే. కానీ తొమ్మిదేళ్ళ పిల్ల ముందు ఓటమి ఒప్పుకున్న నాన్నను చూసినప్పటి గర్వం ఇంకా తగ్గలేదు. ఎవరికైనా “ఇన్ని వస్తువులెందుకు?” అనబోయే ముందు ఇప్పటికీ నా బీరువా తలుపులు బార్లా తీసి చూసుకుంటాను. డెబ్బై దాటాను, మా ఇంట్లో నన్నింతవరకు ఎవరూ ఓడించలేకపోయారు. ఇంత ఖాళీ బీరువా ఉన్న నన్ను ఓడించమనండి, చూద్దాం!