బావగారి రెండు చెరువులు

మా బావగారు జ్ఞానయ్యగారు పాలకాయతిప్ప దగ్గర రొయ్యల చెరువులు చూసుకుంటూ ముప్పై ఏళ్లు గడిపారు. కొత్త మందు పట్టుకుని ఏ కంపెనీవాళ్లు వచ్చినా ఆయనది ఒకటే మాట. "ఒక చెరువులో వేస్తాం, పక్కదాంట్లో వెయ్యం. రొయ్యలు పట్టేనాడు రండి, చూద్దాం." సగంమంది మళ్లీ కనిపించేవారు కాదు.

పోయినేడు ఆయనకు గుండె బలహీనపడింది. నాలుగడుగులేస్తే ఆయాసం. ఆయన తమ్ముడు, మావారు డేవిడ్ రాజు, అదే జబ్బుతో పోయి అప్పటికి ఎనిమిది నెలలు.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక విజయకుమారి బావగారిని చూడ్డానికి మా ఇంటికి వచ్చింది. మా సంఘం మనిషే, బలం పొడి డబ్బాలు అమ్ముతుంది.

"అన్నయ్యగారూ, ఒంట్లో కణం కణంలోనూ చిన్న చిన్న ఇంజన్లుంటాయి. మైటోకాండ్రియా అంటారు. అవి మొరాయిస్తేనే నీరసం. ఈ పొడి వాటిని లేపుద్ది. ఇదిగో, పరిశోధన కాగితం."

బావగారు కళ్లద్దాలు పెట్టుకుని చదివారు. "ఎలకల మీద చేశారంట కదమ్మా. నేను నీకు ఎలకలా కనపడుతున్నానా?"

"మీరెప్పుడూ ఇంతే!"

"మనుషుల్లో ఎంతమందికిచ్చారు? ఇవ్వనోళ్లు ఎలా ఉన్నారు? అది రాయలేదే."

ఆమె నావైపు తిరిగింది. "సాక్ష్యం మీ ఇంట్లోనే ఉందిగా. చెప్పు వదినా, ఇది తాగాక డేవిడ్ అన్నయ్య నెల్రోజులు లేచి తిరగలేదూ? ప్రార్థన కూటంలో నువ్వే కదా చెప్పింది!"

చెప్పిన మాట నిజమే. తమ్ముడి ఊసు రాగానే బావగారి మొహం మెత్తబడింది. నావైపు చూశారు.

"గుండె మాత్రలతో కళ్లు తిరుగుతున్నాయమ్మా. అవి ఆపేసి ఇది తాగుతాను. నువ్వు అబద్ధమాడవుగా."

ఆ నెలలో మావారు గేటుకు రంగు వేశారు. గిలకలదిండి వెళ్లి చేపలు తెచ్చారు. నా చేత్తో కలిపిచ్చిన పొడి వల్లే లేచారనుకుని ఇన్నాళ్లూ ధైర్యం తెచ్చుకున్నాను. అయినా నోరు విప్పాను.

"బావగారూ, పొడి మొదలెట్టిన వారంలోనే బందరులో డాక్టరుగారు మాత్రలు కూడా మార్చారు. కూటంలో అది చెప్పలేదు."

"ఇప్పుడదెందుకు వదినా?" అంది విజయకుమారి.

"ఒకే చెరువులో రెండు మందులు పడ్డాయన్నమాట," అన్నారు బావగారు. "దేనికి లేచాడో నీకు తెలుసా?"

"తెలీదండీ."

"ఈవిడకి తెలుసా?"

విజయకుమారి డబ్బా సంచిలో పెట్టుకుని, "అన్నిటికీ అనుమానమే," అంటూ వెళ్లిపోయింది. బావగారు మాత్ర వేసుకున్నారు. కళ్లు తిరుగుతున్న సంగతి మర్నాడు డాక్టరుకే చెప్పారు.

తర్వాతి కూటంలో నేను లేచి మిగతా సగం కూడా చెప్పాను. ఎవరూ ఆమేన్ అనలేదు. గుమ్మం దగ్గర కుర్చీలోంచి బావగారొక్కరే, ఆయాసపడుతూనే, అన్నారు.