బార్లీ తరవాణి

అమెరికాలో మా క్యారీ ఊళ్ళో తెలుగువాళ్ళకి నలభై దాటగానే ఏదో ఒకటి పట్టుకుంటుంది. కొందరికి పికిల్‌బాల్, కొందరికి మారథాన్, కొందరికి ఆదివారం పొద్దున్న జూమ్‌లో ఉపనిషత్తులు. మా పక్కవీధిలో ఒకాయన పెరట్లో ఆనపకాయలు కాయించి, ఒక్కొక్కదాన్నీ బారసాల పిల్లలా ఒళ్ళో పడుకోబెట్టుకుని ఫొటో దిగి వాట్సాప్ గ్రూపులో పెడతాడు. వీళ్ళందరినీ చూసి నేను నవ్వుకునేవాణ్ణి. నాకు అలాంటివేమీ పట్టుకోవనీ, నేను వీళ్ళందరికంటే ఒక మెట్టు పైనున్నాననీ గట్టి నమ్మకం. అలాంటి నాకు బీరు కాచడం పట్టుకుంది.

ఆఫీసులో ఒకతను ఉద్యోగం మానేస్తూ అందరికీ తలో సీసా ఇచ్చి వెళ్ళాడు. ఇంట్లో తనే కాచిన బీరట. తాగాను. బాగుంది. బాగుండటం నాకు నచ్చలేదు. మూడేళ్ళుగా నా కోడ్‌లో తప్పులు పట్టుకుంటున్న మనిషి ఇంత మంచి వస్తువు చేయగలిగితే నేనెందుకు చేయలేను అనిపించింది. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ గింజలు, నీళ్ళు, ఈస్టు, చేదుకి కాసిన్ని హాప్స్ పువ్వులు. అంతేగా. ఇదే పని మా జిల్లాలో చేస్తే ఎక్సైజు వాళ్ళొచ్చి కుండలు పగలగొట్టి, మొహానికి తువ్వాలు కప్పిన నా ఫొటో పేపర్లో వేయించేవారు. ఇక్కడ దీన్ని హాబీ అంటారు.

నెల తిరిగేసరికి గరాజ్‌లోంచి మా ఆవిడ కారు బయటికి పోయింది. దాని జాగాలో పెళ్ళివంటకి సరిపోయే స్టీలు గుండిగ ఒకటి, తెల్ల బకెట్లు నాలుగు, థర్మామీటర్లు మూడు వచ్చి కూర్చున్నాయి. మూడు థర్మామీటర్లు ఎందుకంటే, మొదటిదాన్ని రెండోది తప్పంటుంది, రెండోదాన్ని నమ్మడానికి నాకు మనసొప్పదు. మొదటిసారి కాచింది తడిగుడ్డ వాసన కొట్టింది. రెండోసారి సీసాలు పేలిపోయాయి. మా ఆవిడ కారు టైరు పేలిందనుకుని పరుగెత్తుకొచ్చి, గోడ మీంచి కారుతున్న నురగనీ, నోట్‌బుక్కులో ఏదో రాసుకుంటున్న నన్నూ చూసి, ఒక్కమాట కూడా అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ మాట్లాడకపోవడం మంచిది కాదని పదహారేళ్ళ కాపురంలో నాకు తెలుసు. అయినా మూడోసారి కాచాను.

తరవాత క్లబ్బులో చేరాను. నెలకోసారి ఒకరి గరాజ్‌లో పన్నెండు మంది మగాళ్ళు చేరతారు. దాదాపు అందరికీ గడ్డాలు. అధ్యక్షుడు పైపుల పని చేసి రిటైరైన పెద్దమనిషి, అందరిలోకీ పొడుగు గడ్డం ఆయనదే. గ్లాసు అడుగున రెండు గుక్కలు పోసుకుని, కళ్ళు మూసుకుని, తేనె అంటారు, ఎండుగడ్డి అంటారు, గుర్రపు జీను అంటారు. వీళ్ళలో ఎవరూ గుర్రపు జీను నాకి చూసి ఉండరు. నా మూడో బీరు తాగి అధ్యక్షుడు "తడిసిన అట్టపెట్టె" అన్నాడు. అంత పెద్దాయన నా బీరు గురించి ఒక అభిప్రాయం చెప్పాడు కదా అని ఇంటికొచ్చి గర్వంగా చెప్పుకున్నాను. చెప్పాక గానీ అది తిట్టని అర్థం కాలేదు.

క్లబ్బు వేసవి పోటీకి నా పేరిచ్చాను. గోధుమ బీరు విభాగం. బకెట్‌లో ఈస్టు కలిపి మూత బిగించి రెండు రోజులైంది, అప్పుడు మా అత్తగారు దిగారు.

ఇక్కడ మా అత్తగారి గురించి ఒక సంగతి చెప్పాలి. పెళ్ళిచూపుల్లో ఆవిడ నా జీతం అడగలేదు, వీసా అడగలేదు. "అబ్బాయికి తాగుడు అలవాటుందా?" అని ఒక్క ప్రశ్న అడిగారు. ఆవిడ అన్నగారు తాగి తాగి నలభై రెండేళ్ళకే పోయారని తరవాత తెలిసింది. నేను "లేదండీ" అన్నాను. అప్పటికి ఎవరైనా పోయిస్తే తాగేవాణ్ణి తప్ప సొంతంగా కొనుక్కునేవాణ్ణి కాదు కనక, దాన్ని అలవాటు అనరని నా లెక్క. ఆ ఒక్క జవాబు మీద ఆవిడ పిల్లనిచ్చారు. అప్పట్నుంచి రాజమండ్రిలో ఎవరింటికి వెళ్ళినా "మా అల్లుడు సోడా తప్ప ముట్టడు" అని చెప్పుకుంటారు. ఈ లోకంలో నా గురించి ఇంత మంచి అభిప్రాయం ఉన్న మనిషి ఇంకొకరు లేరు. మా అమ్మక్కూడా లేదు. అది పోగొట్టుకోవడం నాకిష్టం లేదు.

ఎయిర్‌పోర్టు నుంచి వచ్చి గరాజ్ తలుపు తెరవగానే బకెట్ ఎదురుగా ఉంది. దాని మూత మీద నీళ్ళు పోసిన చిన్న గొట్టం ఉంటుంది, లోపల పుట్టే గాలి దాంట్లోంచి బుడగలుగా పోతుంది. అత్తగారు చెప్పులు విప్పుతూ ఆగారు.

"అదేంటే అమ్మాయ్, గుడుగుడుమంటోంది?"

మా ఆవిడ నా వైపు చూసింది. నేను సూట్‌కేసు వైపు చూశాను.

"అది బార్లీ తరవాణి లాంటిదమ్మా. ప్రోబయోటిక్. ఈయనకి కొన్నాళ్ళుగా పొట్ట బావుండట్లేదు, డైజెషన్ ప్రాబ్లమ్. యూట్యూబ్‌లో చూసి చేసుకుంటున్నారు."

"అయ్యో, పొట్టకా? మా అమ్మమ్మ గంజి పులియబెట్టి తరవాణి కుండ పెట్టేది. అది తాగినవాళ్ళెవరికీ పొట్టనొప్పన్నది తెలీదు," అన్నారు అత్తగారు. నా భుజం మీద చెయ్యి వేసి, "మంచి పని చేస్తున్నారు బాబూ," అన్నారు.

గదిలోకి వెళ్ళాక మా ఆవిడ తలుపు వేసి, "ఈ అబద్ధం నీ కోసం ఆడాను. అమ్మకి తెలిస్తే మాత్రం నువ్వే చెప్పుకో. నన్ను లాగకు," అంది.

మర్నాడు పొద్దున్న ఆరింటికి కాఫీ కోసం కిందికి దిగాను. ప్రయాణపు బడలికతో అత్తగారికి నాలుగింటికే మెలకువ వచ్చేసిందట. తలస్నానం చేసి, తడిజుట్టు ముడేసుకుని, మడిబట్ట కట్టుకుని గరాజ్‌లో ఉన్నారు. బకెట్ మూత పక్కన బోర్లించి ఉంది. ఆవిడ చేతిలో రాజమండ్రి నుంచి తెచ్చుకున్న చెక్క గరిటె. బకెట్ అడుగుదాకా పోనిచ్చి, ఓపిగ్గా, గుండ్రంగా కలుపుతున్నారు.

బీరు కాచేవాళ్ళ మతంలో ఇంతకంటే పాపం లేదు. ఈస్టు పని చేస్తున్నప్పుడు మూత తియ్యకూడదు, గాలి తగలకూడదు, క్రిములు చంపే మందుతో కడగని వస్తువేదీ లోపల పెట్టకూడదు. నేను ఆ బకెట్‌ని రెండుసార్లు కడిగి, చేతులు మోచేతులదాకా తోముకుని మరీ మూత బిగించాను. ఆ గరిటె, ముందురోజు రాత్రి మజ్జిగ కలిపిన గరిటె.

"ఏది ఊరబెట్టినా మూడో రోజు తిరగకలపాలి బాబూ. ఆవకాయైనా అంతే. లేకపోతే అడుగున బూజు పడుతుంది," అన్నారు అత్తగారు. "అమ్మాయికి ఇవన్నీ తెలీవు. నేను శుభ్రంగా స్నానం చేసే కలుపుతున్నాను లెండి."

నాకు కేకలు వెయ్యాలనిపించింది. ఒళ్ళు మండిపోయింది. ఎనిమిది గంటలు నిలబడి కాచిన బీరు అది. కానీ పొట్టకోసం చేసుకునే తరవాణిని కలిపితే ఏ అల్లుడు అత్తగారిని కోప్పడతాడు? "చాలా మంచిదండీ," అన్నాను. ఆవిడ మూత పెట్టి, చల్లగాలి తగలకుండా బకెట్ చుట్టూ పాత దుప్పటి చుట్టి, మీద రెండుసార్లు తట్టారు.

పారబోద్దామంటే వీల్లేకపోయింది. పొద్దున్నా సాయంత్రం ఆవిడ వెళ్ళి చూసొస్తున్నారు. చేసేది లేక వేళకి సీసాలకెత్తాను. తీగతో బిగించే బిరడాల సీసాలు కావడంతో ఆవిడకి షర్బత్ సీసాల్లా కనిపించాయి. ఆ రోజునుంచీ నా అసలు కష్టాలు మొదలయ్యాయి. రోజూ పొద్దున్న ఏడింటికి, పరగడుపున, చిన్న స్టీలు గ్లాసు నిండా బీరు పోసి మా అత్తగారు నా చేతికిచ్చేవారు. ఆ రోజుల్లో నాది ఇంటినుంచే పని, కారెక్కే అవసరం లేదు. పుల్లగా, నిమ్మరసం పిండిన మజ్జిగలా ఉండేది. నేను తాగేదాకా ఎదురుగా నిలబడి, గ్లాసు తీసుకుని, "ఇవాళ ఎలా ఉంది బాబూ పొట్ట?" అని అడిగేవారు. "కొంచెం నయమండీ," అనేవాణ్ణి. ఆ తరవాత మీటింగులో నా కెమెరా ఆపుకుని కూర్చునేవాణ్ణి. ఊళ్ళో ఏ తాగుబోతుకీ దక్కని వైభోగం ఇది. మా ఆవిడ మెట్ల మీద నిలబడి నవ్వు ఆపుకుంటూ చూసేది.

పోటీ రోజు వచ్చింది. ఇంత పులిసినదాన్ని తీసుకెళ్ళడానికి సిగ్గేసింది గానీ, పేరిచ్చి ఎగ్గొడితే ఇంకా సిగ్గు. అధ్యక్షుడు ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు తెరవలేదు. తరవాత గ్లాసు పక్కాయనకిచ్చాడు. ఆయన ఇంకొకాయనకిచ్చాడు. నిమ్మతొక్క అన్నారు, పచ్చి పెరుగు అన్నారు, ఎవరో పల్లెటూరి తెల్లవారుజాము అన్నారు. ఐరోపాలో బీరు కాచే కొన్ని పాత మఠాల్లో మాత్రమే ఈ పులుపు వస్తుందని ఒకాయన ప్రమాణం చేశాడు. "ఎలా సాధించావు?" అని అందరూ నా చుట్టూ చేరారు.

అక్కడ నేను నోరు మూసుకుని ఉండాల్సింది. కానీ ఆ గడ్డాలన్నీ నా వైపు తిరిగి ఉన్నాయి. ఈ దేశంలో ఇన్నేళ్ళలో, సర్వర్ పడిపోయినప్పుడు తప్ప, ఇంతమంది నా మాటకోసం ఎదురుచూసింది లేదు. అత్తగారి కథ చెప్పాను. పొట్టనొప్పి అబద్ధం గురించి చెప్పాను, పొద్దున్న గ్లాసు చెప్పాను, మడి అంటే ఏమిటో విప్పి చెప్పాను. ఉన్నదానికి మరికొంత చేర్చాను. కొంగు బొడ్లో దోపి, కళ్ళు మూసి, మంత్రాలు చదువుతూ కలిపారని అభినయించి చూపించాను. ఆవిడ ఏ మంత్రమూ చదవలేదు. వాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. రెండో బహుమతి వచ్చింది. ఇంటికొస్తూ కార్లో పాటలు పెట్టుకున్నాను. నిజం చెప్పొద్దూ, అంత సంతోషం నాకు గ్రీన్‌కార్డు వచ్చిన రోజు కూడా కలగలేదు.

వారం తిరగకుండా ఒక ఆదివారం పొద్దున్న గుమ్మం గంట మోగింది. అధ్యక్షుడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, గడ్డం దువ్వుకుని వచ్చాడు. చేతిలో రెండో బహుమతికిచ్చే ఎర్ర రిబ్బన్. క్లబ్బంతా తీర్మానించారట, బహుమతి నాది కాదు, కలిపినావిడది అని. ఆవిణ్ణి చూసి ఇచ్చి వెళ్తానన్నాడు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడే లోపే అత్తగారు చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చారు.

ఆయన రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు. "అమ్మా, ఇరవై ఏళ్ళుగా బీర్ కాస్తున్నాను. ఇంత మంచి బీర్ నేను తాగలేదు," అని ఇంగ్లీషులో, ఒక్కొక్క మాటా విడదీసి, గట్టిగా చెప్పాడు. రిబ్బన్ ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆ ముక్క అర్థం కావడానికి మా అత్తగారికి నా అనువాదం అక్కర్లేదు.

ఆవిడ రిబ్బన్ చూశారు. నన్ను చూశారు. తరవాత ఆయనకి కుర్చీ చూపించి, కాఫీ కలిపి, పళ్ళెంలో జంతికలు పెట్టిచ్చారు. ఆయన మూడుసార్లు అడిగి పెట్టించుకుని తిన్నాడు. ఆ అరగంటా ఆవిడ నవ్వుమొహంతోనే ఉన్నారు. ఇంటికొచ్చిన మనిషి ముందు ఇంటి గుట్టు బయటపెట్టే మనిషి కాదు. ఆయన కారు కదిలాక తలుపు వేసొచ్చి, నా ఎదురుగా కూర్చున్నారు.

"బాబూ, అది బీరా?"

"అవునండీ."

"తాగడం, మానడం మీరూ అమ్మాయీ చూసుకోండి. దాని గురించి నేనేమీ అనను." రిబ్బన్ ఒళ్ళో పెట్టుకున్నారు. "మరి మీ పొట్ట?"

"ఏమీ లేదండీ."

"ఇప్పుడు తగ్గిందా, అసలు లేదా?"

మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడింది. చెప్పినట్టుగానే నోరు విప్పలేదు.

"అసలు లేదండీ," అన్నాను.

అత్తగారు తల ఊపారు. కోపం రాలేదు. వస్తే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది. రిబ్బన్ మడతపెట్టి బల్ల మీద పెడుతూ, "మీకు పొట్ట నయం కావాలని వెంకటేశ్వరస్వామికి మొక్కుకున్నాను బాబూ. ఏడు శనివారాలు ఒంటిపూట ఉంటానని. ఐదయ్యాయి," అన్నారు.

ఐదు శనివారాలు రాత్రిపూట ఆవిడ తినలేదు. అదే బల్ల దగ్గర కూర్చుని తిన్నవాణ్ణి, నేను గమనించనేలేదు.

"ఇంక అక్కర్లేదు కదండీ, మానేయండి," అన్నాను.

"అలా ఎలా మానేస్తాను? ఆయనకి మాటిచ్చాను కదా," అన్నారు ఆవిడ, నాకు తెలియని విషయం చెబుతున్నట్టుగా.

మిగిలిన రెండు శనివారాలూ కూడా ఉన్నారు. ఎప్పటిలాగే రాత్రి ఏడున్నరకి నన్ను పిలిచి, కంచం పెట్టి, అన్నం, పప్పు వడ్డించి, నెయ్యి వేసి, గ్లాసుడు పాలు తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నారు. నా కడుపులో ఏ రోగమూ లేదు. అయినా ఆ రెండు రాత్రులూ, ఆవిడ రెండోసారి వడ్డించబోతే కంచానికి చెయ్యి అడ్డం పెట్టాను.