మూడు ప్రాణాల కౌలు

డబ్లిన్ శివారు చెర్రీవుడ్‌లో కొత్త ఆఫీసులు వరసగా లేస్తున్న రోజుల్లో అక్కడొక కంపెనీలో టెస్టర్‌గా చేరాను. పూర్వీకుల కోసం వెతుక్కునేవాళ్లకు పాత దస్తావేజులను కంప్యూటర్ చేత చదివించి పెట్టే కంపెనీ అది. యంత్రం ఎక్కడ తప్పు చదివిందో పట్టుకోవడం నా పని.

ఒకరోజు అమెరికా నుంచి ఒక పెద్దావిడ ఫిర్యాదు పంపింది. ఆవిడ వంశానికి మూలపురుషుడు ఐర్లాండులో డండాక్ ఊరి దగ్గర ఒక రైతు. అమెరికా ఇంకా ఇంగ్లండు రాజు ఏలుబడిలో ఉన్నప్పుడే భార్యతో, ఇద్దరు కొడుకులతో ఓడెక్కి పెన్సిల్వేనియా వెళ్లిపోయాడు. పోతూ పోతూ తన కౌలు పొలాన్ని తమ్ముడికి రాసిచ్చాడు. ఆ కాగితాన్ని మా యంత్రం చదివి, కౌలు "మూడు కత్తులు ఉన్నంతకాలం" చెల్లుతుందని తేల్చింది. ఏ కత్తులని ఆవిడ ప్రశ్న.

కాగితం తెరిచి చూశాను. కత్తులు కాదు, ప్రాణాలు. ఇంగ్లీషు పాత చేతిరాతలో నైవ్స్, లైవ్స్ అనే ఆ రెండు మాటలూ ఒకేలా కనిపిస్తాయి. దిద్దాను గానీ, మూడు ప్రాణాల కౌలంటే ఏమిటో నాకూ తెలియలేదు. సెలవురోజున డబ్లిన్‌లో పాత దస్తావేజులు దాచే ఆఫీసుకు వెళ్లి అక్కడి ముసలి గుమాస్తాను అడిగాను.

"ఏళ్ల లెక్కన కాదమ్మా," అన్నాడాయన. "ముగ్గురి పేర్లు రాసేవాళ్లు. వాళ్లలో ఒక్కరు బతికున్నా పొలం నీదే. ఆఖరి మనిషి పోతే పొలం దొరది. అందుకే పసిపిల్లల పేర్లు రాయించేవాళ్లు, ఎక్కువకాలం ఉంటారని."

ఆ కాగితంలో మూడు పేర్లున్నాయి. రైతు తండ్రి, రైతు, అతని నాలుగేళ్ల కూతురు. దొర ఏజెంటు అడిగినప్పుడల్లా ఆ మనుషులు ప్రాణాలతో ఉన్నట్టు రుజువు చూపాలని కింద ఒక షరతు.

ఆవిడకు ఫోన్ చేసి చెప్పాను. ఆవిడ తన దగ్గరున్న రైతు వీలునామాను చదివి వినిపించింది. "జబ్బుగా ఉండి ఓడెక్కలేక నా తమ్ముడి దగ్గర ఉండిపోయిన నా కూతురికి, ఆమె వస్తే, ఏటి పక్క భూమి."

"ఆ పిల్లకే రావడం ఇష్టం లేకపోయిందని మా ఇంట్లో చెప్పుకునేవాళ్లు," అంది.

పిల్ల తాత అప్పటికే పోయాడు. రైతు అమెరికాలో పోయాక, మూడు ప్రాణాల్లో మిగిలింది ఆ పిల్ల ఒక్కతే. సముద్రం దాటితే ఆమె బతికున్నట్టు రుజువేదీ? పినతండ్రి ఎందుకు పంపుతాడు?

ఐర్లాండులో పాత వీలునామాలు అంతర్యుద్ధంలో చాలావరకు తగలబడిపోయాయి. భూమి కాగితాలే మిగిలాయి. వాటిలోనే ఆమెను వెతికాను. పినతండ్రి పొలాన్ని ఉపకౌలుకిస్తూ "నా అన్న కూతురు సజీవంగా ఉండగా" అని రాయించిన పత్రం దొరికింది. అమెరికాలో తమ్ముళ్లిద్దరూ ఏటి పక్క భూమిని పంచుకుంటూ "మా అక్క చనిపోయిందని తలచి" అని రాసుకున్న పత్రాన్ని పెద్దావిడ పంపింది. రెండూ ఒకే కాలానివి.

ఆ తర్వాత నాకు మనసు మనసులో లేదు. నా కూతురి కోసం స్కూలు గేటు దగ్గర నిలబడితే, మీటింగులో కూర్చుంటే ఆ పిల్ల కనిపించేది. ముఖం కడిగి, జుట్టు దువ్వి, ఎవరో చెయ్యి పట్టుకుని ఏజెంటు ముందుకు తీసుకొస్తున్నట్టు. "చూడండి, ఉంది." అంతే, మళ్లీ లోపలికి.

ఎందుకలా పట్టుకుందో నాకు తెలుసు. నేను ఐర్లాండుకు వచ్చేటప్పుడు నా కూతురికి మూడేళ్లు. ఇల్లు, వీసా కుదిరేదాకా హన్మకొండలో మా అక్క దగ్గర వదిలాను. అక్కకు పిల్లలు లేరు. ప్రతి ఆదివారం వీడియోలో పిల్లని కూర్చోబెట్టి చూపించేది. అన్నీ కుదిరి తీసుకొస్తానంటే, "ఇప్పుడే ఎందుకే చెల్లె, చలికాలం పోనీ. అక్కడ మంచు పడ్తదంట, పిల్ల ఆగమైతది," అనేది. చలికాలం పోయాక, ఈ ఎండల్లో ప్రయాణం వద్దన్నది. చివరికి నేనే పోయి, ఏడుస్తున్న పిల్లని అక్క చంక నుంచి లాక్కుని వచ్చేశాను. నాలుగేళ్లుగా మా మధ్య పండగ శుభాకాంక్షలు తప్ప మాటల్లేవు.

పెద్దావిడ సెప్టెంబరులో ఐర్లాండు వచ్చింది. మేముండే నేస్ నుంచి నేనే కారులో డండాక్ తీసుకెళ్లాను. గుమాస్తా చూపిన పాత పటం ప్రకారం వెతికితే, తడి గడ్డి, ముళ్లకంప, నాలుగు ఆవులు. సమాధిరాయి ఏదీ లేదు. ఆమె చావు గురించి దొరికింది ఒక్క వాక్యమే, కొత్త కౌలుదారు దస్తావేజులో: ఆఖరి ప్రాణం రాలిపోయినందున పొలం తిరిగి వచ్చింది. అప్పటికి ఆమెకు అరవై దాటి ఉండాలి.

"నాన్న తనకు భూమి ఉంచాడని ఆమెకు ఎవరైనా చెప్పి ఉంటారా?" అని అడిగింది పెద్దావిడ.

"తెలియదండీ," అన్నాను. ఆవిడ గేటు పట్టుకుని ఆ పిల్ల పేరు మూడుసార్లు పిలిచింది. ఆవులు తలెత్తాయి.

ఇంటికొచ్చి అక్కకు ఫోన్ చేశాను. మంచిచెడ్డలయ్యాక పిల్లకిచ్చాను. పెద్దమ్మ అడిగిందంతా అర్థమవుతూనే ఉంది, జవాబులే ఇంగ్లీషులో. "ఐయామ్ గ్రాండ్, పెద్దమ్మా. స్కూల్ ఈజ్ గ్రాండ్."

"గ్రాండ్ అంటే ఏందే?" అని అక్క నన్నడిగింది.

"మంచిగున్ననని, అక్కా."

అక్క, "ఎండాకాలం సెలవులకు ఒక్కసారి పంపుతవా?" అంది. "చూస్తా," అన్నాను.

ఆ వచ్చే ఎండాకాలం పంపలేదు. మరుసటేడు పిల్లతో నేనూ వెళ్లాను. నెలరోజులున్నాం. అక్క దాని జడలు వేసింది, పక్కలో పడుకోబెట్టుకుంది, వచ్చేటప్పుడు గుమ్మం దాటకుండా లోపలే ఉండిపోయింది. పిల్ల పాస్‌పోర్టు ఆ నెల పొడుగునా నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంచుకున్నాను. స్నానానికి వెళ్లినా బ్యాగు వెంట తీసుకెళ్లేదాన్ని. అక్క అది చూసింది.